జర్మనీ దేశమున మా చదువు



2025వ సంవత్సరము ఆగస్టు నెలలో మేము సెలవులకు స్వదేశము వచ్చి యుండగా, మమ్ము చూడవచ్చిన తల్లులు, పిన్నమ్మలు, ఇరుగుపొరుగు స్త్రీలు అడిగిన ప్రశ్నలు రెండే. "అంత చలికి ఎట్లు తాళుచున్నారమ్మా?" అనునది మొదటిది. "అక్కడ అన్నము దొరకునా?" అనునది రెండవది. ఈ రెంటికిని బదులు చెప్పుట కష్టము కాదు. మంచి కోటు, మడమలు దాటిన జోళ్లు కొనుక్కొన్నచో చలిని చాలవరకు ఓర్చుకొనవచ్చును. బియ్యము, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు ఆసియా దుకాణములలో దొరకుచునే యున్నవి. చలికి గాని అన్నమునకు గాని ఓర్వలేక చదువు విడిచి వచ్చిన ఆడుపిల్లను మేము చూడలేదు. మమ్ము నిజముగా భయపెట్టినది తరగతి గది. దానిని గూర్చి మాత్రము ఎవ్వరును అడుగలేదు. బిడ్డలను పరదేశమునకు పంప నుద్దేశించిన తల్లులకు ఈ సంగతి తెలియుట మంచిదని తోచి, అడుగకున్నను చెప్పుచున్నాము.

మేము మువ్వురము. ఒకరిది రాజమహేంద్రవరము, ఒకరిది ఖమ్మము, ఒకరిది అనంతపురము. మువ్వురమును ఇంజనీరింగు పట్టము పుచ్చుకొని, 2023 అక్టోబరులో పై చదువు నిమిత్తము జర్మనీ దేశమునకు, ఎల్బే నది యొడ్డున నున్న యొక పట్టణమునకు పోయితిమి. అంతకు ముందు ఒకరినొకరు ఎరుగము. ఒకే యింటిలో మూడు గదులు అద్దెకు దొరకుటచే వంటయిల్లు ఒక్కటి యైనది. వంటయిల్లు ఒక్కటి యైన పిదప కష్టసుఖములు వేరుగా నుండుట యెట్లు?

"జర్మనీలో చదువు ఉచితము" అను మాట మన దేశమున బాగుగా వ్యాపించి యున్నది. అందు నిజము లేకపోలేదు. అచ్చటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో చాలవరకు విదేశీయులకును బోధనరుసుము లేదు. బాడెన్-వుర్టెంబెర్గు రాష్ట్రము వంటి కొన్నిచోట్ల మాత్రము పుచ్చుకొందురు. అక్కడ 2017 నుండి ఐరోపా సమాఖ్యకు వెలుపలి విద్యార్థులు అర్ధసంవత్సరమునకు 1,500 యూరోలు కట్టవలసి వచ్చినది. అయితే వీసా కావలెనన్నచో ఒక సంవత్సరపు గ్రాసమునకు చాలిన సొమ్మును ముందుగనే ప్రత్యేకమైన ఖాతాలో వేసి చూపవలెను. సొమ్ము మనదే, కాని మన యిష్టము వచ్చినట్లు తీయరాదు. నెలకింత యని విడుదల యగును. మేము పోయిననాడు ఆ మొత్తము 11,208 యూరోలు. 2024 సెప్టెంబరులో దానిని 11,904 యూరోలకు పెంచిరి. అనగా పదిలక్షల రూపాయలకు పైమాటయే. మాలో ఒకరి తండ్రిగారు పొలముపై అప్పు తెచ్చిరి. ఒకరికి బ్యాంకు ఋణ మిచ్చినది. మూడవ యామె యింట సొమ్మెట్లు సమకూడినదో ఆమెకే చాలకాలము తెలియదు. పోకమునుపే యింత బరువు నెత్తిన బెట్టుకొన్న పిల్ల, పరీక్ష తప్పినచో ఆ మాట ఇంటికి చెప్పగలదా? ఈ వ్యాసమునకు ముఖ్యమైన సంగతి ఇదియే గనుక మొదటనే సూచించితిమి.

ఇక తరగతి సంగతి. కాలపట్టికలో పదిగంటలని యున్నచో పాఠము పదింబావుకు ఆరంభమగును. ఆ పావుగంట అచ్చటి విశ్వవిద్యాలయములలో పూర్వకాలమునుండి వచ్చుచున్న ఆచారము. మేము మొదటిదినమున పది కైదు నిమిషము లుండగనే పోయి, గది శూన్యముగా నుండుట చూచి, తప్పుగదికి వచ్చితిమని భయపడి మూడంతస్తులు దిగి యెక్కితిమి. పాఠము ముగియగానే విద్యార్థులందరును చేతికణుపులతో బల్లలపై టకటక కొట్టిరి. పాపము, ప్రొఫెసరుగారిపై ఎందులకో కోపించిరని అనుకొంటిమి. అవి వారి చప్పట్లని తరువాత తెలిసినది.

పాఠమును వారు "ఫోర్లేజుంగ్" అందురు. ఎదుటివారికి చదివి వినిపించుట అని ఆ మాటకు అర్థము. అచ్చుపుస్తకములు లేని దినములలో గురువు గ్రంథము చదువుచుండగా శిష్యులు వ్రాసికొనుటనుండి వచ్చిన పేరది. మా శాఖలో హాజరు పట్టీ లేదు. రికార్డు పుస్తకముపై సంతకము లేదు. నడుమ నడుమ చిన్న పరీక్షలు లేవు. ముఖ్యమైన ప్రశ్నలని గుర్తుపెట్టి యిచ్చువారు లేరు. ఒక పక్షము రాకపోయినను, ఏల రాలేదని యడుగువారు లేరు. పైగా వారమునకు ఇరువది గంటలు మాత్రమే తరగతులు! మన కళాశాలలలో ఉదయము తొమ్మిదినుండి సాయంకాలము నాలుగువరకు కూర్చుండి వచ్చిన వారము గనుక మేము మువ్వురమును మిక్కిలి సంతోషించితిమి. ఆ సంతోషమే మా మొదటి పొరపాటు.

ఐరోపాలో చదువును "క్రెడిట్లు" అను కొలతతో కొలుతురు. అర్ధసంవత్సరమునకు ముప్పది క్రెడిట్లు. జర్మనీలో ఒక్కొక్క క్రెడిట్టు సామాన్యముగా ముప్పది గంటల శ్రమకు సమానము. అనగా అర్ధసంవత్సరమునకు 900 గంటలు. పాఠములు జరుగునది సుమారు పదునైదు వారములు. వారమునకు ఇరువది గంటల చొప్పున 300 గంటలైనవి. మిగిలిన 600 గంటలు ఏమైనవి? అవి గ్రంథాలయములోనో, గదిలోనో మనకు మనమే చదువుకొనవలసినవి. పరీక్ష ఒక్కటే, ఫిబ్రవరిలో. దానికి పేరు నమోదు చేసికొనుట కూడ మన పనియే. గడువు దాటినచో విచారించువారు లేరు. ఈ లెక్క మేము డిసెంబరు నెలలో వేసితిమి. అక్టోబరులో వేసియుండవలసినది.

ఇంకొక చిక్కు, ప్రశ్న యడుగుట. పాఠముతోపాటు లెక్కలు చేయించు తరగతి వేరుగా నుండును. అందు సహాయకుడు ఇరువదిమందిని ఎదుట కూర్చుండబెట్టుకొని "ఇందు మీకు సందేహము లేమి?" అని యడుగును. ఒక జర్మను పిల్ల చేయి యెత్తి, "మూడవ పంక్తినుండి నాకేమియు బోధపడలేదు" అని బిగ్గరగా, ఇంచుకయు సిగ్గులేక చెప్పెను. మేము నివ్వెరపోయితిమి. మాకు మొదటి పంక్తినుండియే బోధపడలేదు. అయినను తలలూచుచు కూర్చుండి యుంటిమి. మన తల యూపు అవుననుటయో, కాదనుటయో ఆ సహాయకునకు తెలియదు. ఒకనాడు ఆయన మా వంక చూచి, "ఇది సమ్మతియా, నిరాకరణమా?" అని అడిగెను. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి. ఆయన మాత్రము నిజముగనే అడిగెను.

ఈ మౌనము మాకు ఎక్కడ అలవడినదో మేము చాలసారులు చర్చించుకొంటిమి. మన యిండ్లలో ఎదురు ప్రశ్న వేసిన పిల్లను "నోరెక్కువ" అందురు. బడిలో ప్రశ్న యడిగినచో, "ఇంతసేపు ఏమి వినుచుంటివి?" అందురు. పెద్దలయెడ గౌరవము తగ్గవలెనని మేము అనుట లేదు. జర్మనులకును "నీవు", "మీరు" అను భేదము మనకున్నట్లే యున్నది. ప్రొఫెసరుగారిని నీవని పిలుచువారు లేరు. ఈ విషయమున ఇంగ్లీషువారికన్న వారు మనకు దగ్గరి చుట్టములే. కాని గౌరవము వేరు, భయము వేరు. మనము రెంటిని ఒకే పొట్లములో కట్టి బిడ్డలకు ఇచ్చుచున్నాము.

ఆ దేశపు స్త్రీలకును ఈ తలుపులు ఎప్పుడును తెరచి యుండలేదు. ప్రష్యా రాష్ట్రమున ఆడువారిని విశ్వవిద్యాలయములలో పూర్తి విద్యార్థినులుగా చేర్చుకొన్నది 1908లోనే. తరువాత ఇరువదియేండ్లకు మన దేశపు విదుషీమణి ఇరావతీ కార్వేగారు బెర్లినులో పరిశోధన చేసిరి. మనుష్యుల కపాలముల కొలతలలో జాతిభేదములు కనబడునని ఆమె గురువైన ఓయిగెన్ ఫిషరు తలచెను. ఆమె కపాలములను కొలిచి చూచి, అట్టి సంబంధము కనబడలేదని తన పరిశోధనవ్యాసములోనే వ్రాసెను. గురువు మాటకు విరుద్ధము వ్రాసియు ఆమె పట్టము పొందెను. ఈ కథ చదివిన రాత్రి మాకు కొంత సిగ్గు వేసినదని యొప్పుకొనుచున్నాము.

ఇంటి జీవనమును గూర్చి క్లుప్తముగా చెప్పెదము. ఊరు చేరి యిల్లు దొరకిన రెండు వారములలోపల పురపాలక కార్యాలయమున పేరు వ్రాయించుకొనవలెను. ఆదివారము దుకాణములు మూసి యుందురు. ఈ సంగతి తెలియక మొదటి ఆదివారము అన్నములో ఆవకాయ కలుపుకొని మూడు పూటలు గడపితిమి. చెత్తను కాగితము వేరు, కూరగాయల తొక్కలు వేరు, పొట్లములు వేరు, గాజుసీసాలు రంగులవారీగా వేరు చేసి పారవేయవలెను. నీళ్లు త్రాగి పారవేసెడి ప్లాస్టికు సీసాను దుకాణపు యంత్రములో వేసినచో 25 సెంట్లు తిరిగి యిచ్చును. నెలాఖరున మా కూరగాయలు చాలసారులు ఈ సీసాల సొమ్ముతోనే వచ్చినవి. రాత్రి పది దాటినచో గట్టిగా మాటాడరాదు. రోకలి మాట తలపెట్టనే కూడదు.

పోపు సంగతి మాత్రము విడువలేము. అచ్చట ఇండ్లలో పైకప్పునకు పొగను పసిగట్టు చిన్న యంత్రము తప్పక అమర్చి యుండవలెనని చట్టము. మేము చేరిన నాలుగవనాడు చారు పెట్టి, నూనెలో ఎండుమిరపకాయలు వేసితిమి. అంతే, ఆ యంత్రము చెవులు చిల్లులు పడునట్లు కూయసాగెను. దాని నాపుట మాకు తెలియదు. క్రింది యంతస్తులో నున్న వృద్ధురాలు చీపురుకట్టతో పరుగెత్తుకొని వచ్చి, కట్టకొనతో పైకప్పు మీది మీట నొక్కి, కిటికీలన్నియు బార్లా తెరచి, దగ్గుచు నిలువబడెను. మాకు భూమిలోనికి క్రుంగినట్లైనది. ఆమె తిట్టుననుకొంటిమి. తిట్టలేదు, మంచు కాలమైనను పూటకొకసారి కిటికీలు పూర్తిగా తెరవవలెననియు, లేనిచో అన్నపు ఆవిరికి గోడలు బూజు పట్టుననియు చేతిసైగలతో బోధించి పోయెను. పాఠములు ఇంగ్లీషులో గాని, బ్రదుకు జర్మనులోనే గదా. ఆ సైగలతోనే మా జర్మను చదువు మొదలైనదని చెప్పవచ్చును.

చలికంటె చీకటి దుర్భరము. డిసెంబరులో ఉదయమెనిమిది దాటినగాని ప్రొద్దు పొడువదు. సాయంకాలము నాలుగింటికే క్రుంకును. చలికాలమున మన గడియారము వారికంటె నాలుగున్నర గంటలు ముందు. మేము ఆరింటికి ఇల్లు చేరి ఫోను చేయునప్పటికి మన యింట రాత్రి పదిన్నర. అమ్మ నిద్ర నాపుకొని కాచుకొని యుండును. అట్టి తల్లితో "నాకు పాఠము బోధపడుట లేద"ని చెప్పుటకు ఎవరికి నోరు వచ్చును? "బాగున్నామమ్మా, పప్పు వండుకొంటిమి" అని చెప్పి పడుకొనెడివారము.

మాలో చిన్నది మొదటి యేట చలికాలమున ఒక గిడ్డంగిలో రాత్రిపని కుదుర్చుకొన్నది. విద్యార్థులు ఏటికి ఇన్నిదినములకు మించి పని చేయరాదని అక్కడ చట్టము. అప్పుడు 120 పూర్తిదినములు. 2024 మార్చినుండి 140 దినములైనది. ఆమె చట్టము మీరలేదు. కాని రాత్రి రెండుగంటలవరకు పెట్టె లెత్తి ఉదయము యంత్రనియంత్రణ శాస్త్రము వినుటకు కూర్చుండిన పిల్లకు ఏమి వినబడును? ఫిబ్రవరి పరీక్షలో తప్పెను. పని మాని, గత సంవత్సరముల ప్రశ్నపత్రములన్నియు సంపాదించి, వాని సమాధానములను మన పద్ధతిని కంఠస్థము చేసి, వేసవిలో మరల వ్రాసెను. మరల తప్పెను.

ఇక్కడ ఒక నియమము చెప్పవలెను. మా చదువున ఒక పరీక్షను మూడుమార్లు మాత్రమే వ్రాయనిత్తురు. జర్మనీలో పెక్కుచోట్ల ఇదే లెక్క. తప్పనిసరియైన పరీక్ష మూడవమారు తప్పినచో విశ్వవిద్యాలయమునుండి పేరు కొట్టివేయుదురు. అదే శాస్త్రమును ఆ దేశమున మరియొకచోట చదువుటకును వీలుండదు. చదువు పోయినచో విద్యార్థిగా ఆ దేశమున నుండుట కిచ్చిన అనుమతియు నిలువదు. ఆ పిల్ల ఇంటికి ఏమని చెప్పెనందురా? "పరీక్షలు బాగుగనే జరిగినవి" అని చెప్పెను. మేమిద్దరమును ప్రక్కనుండియే వింటిమి.

దిద్దిన పత్రమును విద్యార్థి చూచుకొనుటకు అక్కడ ఒకదినము కేటాయింతురు. ఏడ్పు వచ్చునని ఆమె పోనన్నది. మేము బలవంతముగా పంపితిమి. పత్రము నిండుగానే యున్నది. అక్షరములు ముత్యములవలె నున్నవి. అంచున నాలుగుచోట్ల ఎఱ్ఱసిరాతో ఒకే మాట వ్రాసియున్నది: "కారణము?" ఆమె వ్రాసిన సమాధానములు తప్పులు కావు, ఏల అట్లు చేసెనో ఎక్కడను వ్రాయలేదు. లెక్కలోని యొక సంఖ్యను మార్చి యిచ్చినచోట పాత సమాధానమునే దించివేసెను.

ప్రొఫెసరుగారు ఒక స్త్రీ. వారమున కొకసారి విద్యార్థులను గదిలో కలిసికొనుటకు ఒక గంట కేటాయించి యుండిరి. పది నెలలలో మేమెవ్వరము ఆ తలుపు తట్టలేదు. నాలుగు పంక్తుల ఈమెయిలు వ్రాయుటకు మాకు మూడు సాయంకాలములు పట్టినది. "గురువారము రెండుగంటలకు రండి" అని ఒకే పంక్తిలో బదులు వచ్చినది. చిన్నది పోయెను. "మీ ప్రశ్న యేమి?" అని ఆమె యడిగెను. "నాకేమియు బోధపడుట లేదు" అని యీమె. ప్రొఫెసరుగారు కోపింపలేదు, ఓదార్పలేదు. "దీనికి నేను సమాధానము చెప్పలేను. వచ్చువారము మూడు ప్రశ్నలు వ్రాసికొని రండి" అని పంపివేసెను.

ఇంటికి వచ్చి ఆ పిల్ల యేడ్చిన యేడ్పు మేము మరువలేము. ఎంత కఠినురాలని మేమును తిట్టుకొంటిమి. నేడు మా యభిప్రాయము మారినది. మూడు ప్రశ్నలు వ్రాయవలెనన్నచో పుస్తకము తెరచి, ఎంతవరకు తెలిసినదో, ఎక్కడ తెలియుట ఆగినదో గుర్తింపక తప్పదు. మొదటి వారము ఆ మూడు ప్రశ్నలు తయారగుటకు ఐదుదినములు పట్టినది. రెండవ వారము మూడు దినములు. పాఠములు ఆగిన సెలవులలో గూడ ఆమె పోవుట మానలేదు. తరువాత ఒక జర్మను పిల్లయు, సిరియా దేశపు యువకుడును ఆమెతో కూడి గ్రంథాలయములో చదువసాగిరి. రాత్రులు వంటయింట మాకు పాఠము చెప్పుట నియమము చేసితిమి. మాలో ఒకరము బెండకాయలు తరుగుచు, ఒకరము గిన్నెలు తోముచు, ఆమె ప్రతి మాటకును "ఏల?" అని అడ్డుపడెడివారము. తెలుగులో చెప్పలేని చోటెల్ల ఆమెకు నిజముగా తెలియని చోటని మాకు చిక్కుచుండెను. బెండకాయలు రెండుమార్లు మాడినవి. ఆ పొగయంత్రమును మరల కూసినది.

2025 ఫిబ్రవరిలో మూడవమారు పరీక్ష వ్రాసెను. ఫలితము వచ్చుటకు నెల పట్టినది. ఆ నెలలో మాలో ఎవ్వరమును ఆ మాట ఎత్తలేదు. ఒకనాటి మధ్యాహ్నము భోజనశాలలో కూర్చుండి యుండగా ఆమె ఫోను చూచి, మాటాడక మా ముందర పెట్టెను. 2.7 అని యున్నది. అక్కడ 1 ఉత్తమము, 4 వరకు ఉత్తీర్ణము, 5 తప్పుట. పళ్లెములు వదలి మువ్వురము బయటికి పోయి మంచులో నిలువబడితిమి. ఎందులకు పోయితిమో తెలియదు.

ఆ సాయంకాలమే ఆమె తల్లితో సర్వమును చెప్పెను: రెండుమార్లు తప్పుట, రాత్రిపని, మూడవ పరీక్ష. కడపట మార్కు చెప్పెను.

"రెండు పాయింటు ఏడా? అంత తక్కువా?" అని తల్లి నిర్ఘాంతపోయెను. లెక్క తిరుగబడి యుండునని నచ్చజెప్పుటకు మాకు పావుగంట పట్టినది.

"సరే కాని, రెండుమార్లు తప్పినప్పుడు నాతో ఎందుకు చెప్పలేదే?" అని ఆమె యడిగెను.

"నీ మెడలో గొలుసు ఏదమ్మా?" అని కూతురు అడిగెను. వీడియోలో కొంతకాలముగా ఆమె కొంగు మెడచుట్టు కప్పుకొనియే మాటాడుచుండుటను చిన్నది కనిపెట్టియుండెను.

తల్లి కొంతసేపు ఊరకుండెను. ఖాతాలో వేయవలసిన సొమ్మునకు కొంత తక్కువైనదనియు, గొలుసును గాజులును బ్యాంకులో కుదువ పెట్టితిననియు, తెలిసినచో పిల్ల పోనని భీష్మించునని చెప్పలేదనియు అప్పుడు చెప్పెను. ఇద్దరును కొంత యేడ్చిరి. పిదప ఆమె కన్నులు తుడుచుకొని, "ఈపూట ఏమి వండుకొంటిరి?" అని యడిగెను.

చిన్నది ఇప్పుడు కడపటి పరిశోధనవ్యాసము వ్రాయుచున్నది. వారమున కొకసారి తల్లితో ఆ వారపు మూడు ప్రశ్నలను తెలుగులో చెప్పుచుండును. తల్లి పదవతరగతివరకు చదివినది. మొన్న ఒక ప్రశ్నకు "అది ఏల అట్లు?" అని ఆమె అడుగగా మాకు మువ్వురకును సమాధానము తోచలేదు. గురువారమునకు దానినే వ్రాసికొన్నాము. గాజులను విడిపించినారు, గొలుసు ఇంకను బ్యాంకులోనే యున్నది.